ఘాజీ వాళ్లకీ పువ్వులా?

ప్రశ్న: మొన్న డిసెంబర్ 4న ఆర్కే బీచ్‌లో ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం దగ్గరికి వెళ్లాం. ఎనిమిదో తరగతి చదివే మా బాబు, “ఘాజీ సబ్‌మెరైన్‌లో పోయినవాళ్లకి కూడా రెండు పువ్వులు పెడదామా?” అన్నాడు. నేవీలో చేసి రిటైరైన మా మావగారు, “శత్రువుకి పువ్వులేంట్రా!” అని కసిరారు. అప్పట్నుంచి తాతామనవళ్లిద్దరూ ముభావంగా ఉన్నారు. ఏం చెయ్యాలి మేడమ్?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మావగారిని తప్పుపట్టకండమ్మా. ఆ స్మారకం 1971లో పాకిస్తాన్‌తో యుద్ధంలో మనం గెలిచినందుకు కట్టింది. అక్కడ పువ్వులంటే ఆయనకి మింగుడు పడదు. బాబుకి కూడా సగం కథ చెప్పి ఊరుకోవద్దు. ఘాజీ మన విమానవాహక నౌక విక్రాంత్‌ని వెతుక్కుంటూ, మన తీరంలో ఓడల్ని పేల్చే మైన్లు పెట్టడానికి వచ్చిన పాకిస్తాన్ సబ్‌మెరైన్. డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక అది పేలిన అదురుకి మా ఇంటి కిటికీ అద్దాలు, నల్ల కాగితాలు అంటించినవి, గడగడలాడాయి. అమ్మ మమ్మల్ని మంచం కిందికి తోసేసింది. కొన్నాళ్లకి అది మునిగిందని తెలిసి వీధిలో బెల్లం పంచితే నేనూ తిన్నాను. ఊరు బతికిందన్న సంబరం అది, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

కానీ అందులో తొంభై మందికి పైగా ఉన్నారు. ఒక్కరూ బతకలేదు. మన రాజ్‌పుత్ నౌక వేసిన డెప్త్ చార్జీలతో, అంటే నీటి లోపల పేలే బాంబులతో, మునిగిందని మనం అంటాం, ప్రమాదవశాత్తూ పేలిందని వాళ్లంటారు. బాబుకి రెండూ చెప్పండి. ఇంకో సంగతి, 2024లో మన నేవీ ఘాజీ శిథిలాన్ని గుర్తించి కూడా, పోయినవాళ్ల మీద గౌరవంతో దాన్ని ముట్టుకోలేదు. నేవీ వాళ్లు చెప్పిన మాటే ఇది. మావగారికి మీరు చెబితే వాదన అవుతుంది, పేపర్ కటింగ్ ఏదైనా దొరికితే టేబుల్ మీద పెట్టెయ్యండి.

ఖుక్రీ గురించి బాబు చేత మావగారిని అడిగించండి. అదే యుద్ధంలో డిసెంబర్ 9న డయ్యూ దగ్గర పాకిస్తాన్ సబ్‌మెరైన్ ముంచేసిన మన నౌక. 18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ ముల్లా ఓడ వదల్లేదు. శవమే రాని ఇంట్లో దినకర్మ ఎలా చేస్తారో మావగారికి మనకన్నా బాగా తెలిసి ఉంటుంది.

ఓ ఆదివారం ఇద్దర్నీ బీచ్‌లోని కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియంకి పంపండి. గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరాలి, పడకలు చూస్తే ఒళ్లు ముడుచుకుపోతుంది. అక్కడ ఆయనే మాట్లాడతారు. మీరు మాత్రం వెంట వెళ్లకండి. వచ్చేటప్పుడు బాబు పువ్వులు సముద్రంలో వేస్తానంటే వెయ్యనివ్వండి, ప్లాస్టిక్ కవర్ మాత్రం ఇంటికి తెచ్చెయ్యమనండి.