నొప్పి తగ్గింది, మణికట్టు ఆపరేషన్ ఆపవచ్చా?

ప్రశ్న: నా వయసు 51. ఇంటి ముందు గదిలో టైలరింగ్ చేస్తున్నాను. రెండేళ్ళుగా కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతున్నాయి. మొదట్లో రాత్రిపూట మెలకువ వచ్చినప్పుడు చెయ్యి విదిలిస్తే తగ్గేది. మూడు నెలలు రాత్రుళ్ళు స్ప్లింట్ కట్టుకున్నాను. మణికట్టుకు స్టెరాయిడ్ ఇంజక్షన్ కూడా ఒకటి వేశారు; నాలుగు నెలలు హాయిగా ఉండి మళ్ళీ మొదలైంది. ఇప్పుడు నొప్పి అంతగా లేదు గానీ వేళ్ళు పగలంతా మొద్దుబారి ఉంటున్నాయి, సూదిలో దారం ఎక్కించలేకపోతున్నాను, పట్టుకున్న హుక్కు జారిపోయినా తెలియడం లేదు. నరాల పరీక్ష చేసిన డాక్టరుగారు ఆపరేషన్ చేయించుకోమన్నారు. షుగరుకూ థైరాయిడ్‌కూ మందులు వాడుతున్నాను. నరం కోస్తే చెయ్యి పడిపోతుందని మా అత్తగారు వద్దంటున్నారు. మా తోడికోడలు ఇదే ఆపరేషన్ చేయించుకుని రెండు నెలలైనా అరచెయ్యి నొప్పి అంటోంది. నొప్పి తగ్గింది కనుక నేను ఆగవచ్చా? చేయించుకుంటే మిషన్ మీద మళ్ళీ ఎప్పుడు కూర్చోగలను? శ్రావణమాసం పెళ్ళిళ్ళకు బ్లౌజులు ఒప్పుకున్నాను.
— ఒక పాఠకురాలు, మంచిర్యాల

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆలోచింపజేసినది మీకు ఊరటనిచ్చిన మాటే. కార్పల్ టన్నెల్ సమస్యలో, అంటే మణికట్టు దగ్గరి ఇరుకు దారిలో నరం నలిగే ఈ జబ్బులో, నొప్పి తగ్గి, దాని స్థానంలో మొద్దుబారడం రోజంతా నిలిచిపోతే జబ్బు తగ్గిందని కాదు, నరం మరింత దెబ్బతింటోందని అనుమానించాలి. వచ్చిపోయే తిమ్మిరికి స్ప్లింటుతోనో ఇంజక్షన్‌తోనో కాలం గడపవచ్చు. స్పర్శ పోయిన వేలికి ఆ వ్యవధి ఉండదు.

మీరే ఒకటి గమనించండి. రెండు అరచేతులనూ వెలుతురులో పక్కపక్కన పెట్టి, బొటనవేలి మొదట ఉబ్బెత్తుగా ఉండే కండ కుడివైపున పల్లంగా కనిపిస్తోందేమో చూడండి. తరువాత చేతి వెనుక భాగాన్ని బల్లకు ఆనించి, బొటనవేలిని నిటారుగా ఇంటికప్పు వైపు లేపి, రెండో చేతి వేలితో దానిని కిందికి నొక్కండి. ఎడమ బొటనవేలు నిలబడినంత గట్టిగా కుడిది నిలబడకపోతే, ఆ కండకు కూడా నరం సరిగా అందడం లేదన్నమాట. కరిగిపోయిన కండ ఆపరేషన్ తరువాత పూర్తిగా తిరిగి వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆ స్థితికి ముందే నిర్ణయం తీసుకోవడం మంచిదని చెప్పడానికి అదే కారణం.

మీ అత్తగారి భయం చాలా ఇళ్ళలో వినిపించేదే గానీ, ఈ ఆపరేషన్‌లో నరాన్ని కోయరు. మణికట్టు దగ్గర ఎముకల మీదుగా అడ్డంగా ఒక గట్టి పట్టీ ఉంటుంది. దాని కిందనున్న ఇరుకు దారిలోనే వేళ్ళను ముడిచే తొమ్మిది స్నాయువులూ, వాటితో పాటు మీడియన్ నరమూ అరచేతిలోకి వెళతాయి. లోపల వాపు వస్తే ముందుగా నలిగేది నరమే. శస్త్రచికిత్సలో ఆ పట్టీని మాత్రమే కోసి దారిని వెడల్పు చేస్తారు. బిగుతైన జాకెట్టుకు పక్క కుట్టు విప్పి వదులు చేయడం మీకు తెలిసిన పనే. నరానికి గాయం కావడం, చీము పట్టడం వంటివి అసలు జరగవని కాదు, అరుదు.

ఇంజక్షన్ కొద్దికాలమే పనిచేసిందని నిరాశపడకండి. దానితో ఉపశమనం కలగడం వల్ల రోగనిర్ధారణ సరైనదేనన్న నమ్మకం పెరుగుతుంది. అయితే షుగరు ఉన్నవారికి మధుమేహం వల్ల కూడా నరాలు దెబ్బతినవచ్చు, మెట్‌ఫార్మిన్ చాలాకాలం వాడేవారిలో బి12 లోపించవచ్చు, మెడ ఎముకల అరుగుదల కూడా చేతి తిమ్మిరికి కారణం కావచ్చు. కాబట్టి అరికాళ్ళు కూడా మొద్దుబారుతున్నాయా, మెడ నుంచి భుజం మీదుగా నొప్పి దిగుతోందా అన్నది మీ డాక్టరుకు తప్పక చెప్పండి. నరాలకు బలమని రాసిచ్చే విటమిన్ మాత్రలు లోపం ఉంటే దానిని తీరుస్తాయి గానీ, ఇరుకైన దారిని వెడల్పు చేయలేవు. థైరాయిడ్, షుగరు అదుపులో ఉన్నాయని రక్తపరీక్షలతో నిర్ధారించుకున్నాకే తేదీ పెట్టుకోండి. షుగరు ఎక్కువగా ఉంటే గాయం మానడం ఆలస్యమవుతుంది, చీము పట్టే అవకాశమూ పెరుగుతుంది.

సాధారణంగా చేతికి మాత్రమే మత్తు ఇచ్చి, అరగంటలోపే పూర్తిచేసి, అదే రోజు ఇంటికి పంపిస్తారు. అరచేతిలో చిన్న గాటుతో చేసే పద్ధతీ, కెమెరా గొట్టంతో చేసే పద్ధతీ రెండూ ఉన్నాయి. రెండోదానిలో పనికి కొంత ముందుగా వెళ్ళగలిగినా, కొన్ని నెలల తరువాత ఫలితంలో పెద్ద తేడా ఉండదు కనుక, మీ సర్జనుకు ఏది బాగా అలవాటో అదే మేలని నా అభిప్రాయం.

మొదటి రోజుల్లో చేతిని గుండె కంటే ఎత్తులో, దిండు మీద ఉంచుకోవాలి. వేళ్ళను మాత్రం ఆ రోజు నుంచే ముడుస్తూ చాపుతూ ఉండాలి. కుట్లు తీసే వరకు, అంటే పది నుంచి పద్నాలుగు రోజుల పాటు, కట్టు తడవకూడదు. ఎడమచేత్తో చెంచాతో తినడం మనవాళ్ళకు ఇబ్బందే అయినా తప్పదు. అంట్లు తోమడం, తడిబట్టలు పిండడం ఇంకెవరికైనా అప్పగించండి. కుట్లు తీసి గాయం పూర్తిగా ఆరాక, మచ్చ మీద కొబ్బరినూనెతో రోజూ మెల్లగా రుద్దితే చర్మం మెత్తబడుతుంది. రబ్బరు బంతిని గట్టిగా పిసకమని ఇరుగుపొరుగు చెబుతారు. మొదటి వారాల్లో దాని అవసరం లేదు, అరచేతి నొప్పి పెరుగుతుంది కూడా.

మీ తోడికోడలిది ఈ ఆపరేషన్ తరువాత మామూలుగా వచ్చే నొప్పే కావచ్చు. అరచేతి మొదట్లో మచ్చకు ఇరువైపులా, లేచేటప్పుడు చేతిని నేలకు ఆనించినప్పుడు కలుక్కుమనే నొప్పి చాలామందికి మూడు నెలల వరకు, కొందరికి ఇంకా ఎక్కువ కాలం ఉండి తగ్గిపోతుంది. అంతమాత్రాన ఆపరేషన్ విఫలమైనట్టు కాదు. రాత్రి తిమ్మిరి తగ్గిందా లేదా అన్నది ఆమెను అడగండి, అసలు ఫలితం అక్కడ తెలుస్తుంది. మీ విషయంలో రాత్రి బాధ ఏమైనా మిగిలి ఉంటే తొందరగానే పోవచ్చు. వేళ్ళ స్పర్శ మాత్రం నెలల తరబడి కొద్దికొద్దిగా వస్తుంది, కొంత మొద్దుతనం మిగిలిపోనూవచ్చు.

ఇక మిషన్ సంగతి. మూడు, నాలుగు వారాల తరువాత పలుచని బట్టతో కాసేపు కుట్టడం చాలామందికి సాధ్యమవుతుంది. పెద్ద కత్తెరతో మడతల బట్ట కత్తిరించడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగండి, ఎందుకంటే ఆ పనిలో బలమంతా కోసిన చోటే పడుతుంది. పిడికిలి పట్టు పూర్తిగా రావడానికి రెండు, మూడు నెలలు పడుతుంది.

శ్రావణానికి ఇంకా మూడు నెలలుంటే ఇప్పుడే చేయించుకోండి. నెలలోపే ఉంటే, కండ తగ్గలేదని డాక్టరు చూసి చెప్పిన పక్షంలో, కొత్త బేరాలు మానుకుని, కత్తిరింపు పని వేరొకరికి ఇచ్చి, సీజను అయిన వెంటనే పడే తేదీని ముందుగానే తీసుకోండి. కండ తగ్గి ఉంటే ఒప్పుకున్న బ్లౌజులే వేరే టైలరుకు అప్పగించాలి. ఆపరేషన్ తరువాత జ్వరం వచ్చినా, వాపు ఎర్రబడి పెరుగుతున్నా, చీము కారినా, వేళ్ళు కొత్తగా కదలకపోయినా కుట్లు తీసే రోజు దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.