పదో తరగతి ఇంటి నుంచే చదువుతున్న అమ్మాయికి తల్లి ఎలా తోడుండాలి?

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేనేళ్లు. తొమ్మిదో తరగతిలో ఉండగా వెన్నెముకకు ఆపరేషన్ జరిగింది. ఎక్కువసేపు కూర్చోవద్దని డాక్టరు చెప్పడంతో బడి మాన్పించి, ఎన్‌ఐఓఎస్‌లో (జాతీయ ఓపెన్ స్కూల్ సంస్థ) తెలుగు మీడియంలో పదో తరగతికి కట్టాం. పుస్తకాలు, ఫోన్‌లో వీడియోలు చూసుకుంటూ చదువుతోంది. నేను ఏడో తరగతి వరకే చదివాను, ఇంట్లోనే మిషన్ కుడతాను. ఆమె నాన్న లారీ మీద వెళ్తే వారానికి గానీ ఇంటికి రారు. పాఠం చెప్పే చదువు నాకు లేదు. లెక్కలు కష్టంగా ఉన్నాయంటే, తీసేసి వేరే సబ్జెక్టు పెట్టుకోమని తెలిసినవాళ్లు అంటున్నారు. ఈ సర్టిఫికెట్‌తో ఇంటర్‌లో చేర్చుకుంటారా?
– ఒక తల్లి, కోరుట్ల

జవాబు: అమ్మా, మిమ్మల్ని ఎక్కువగా కలవరపెడుతున్నది సర్టిఫికెట్ సంగతే కాబట్టి ముందు దాని గురించే చెబుతాను. ఎన్‌ఐఓఎస్ 1989లో కేంద్ర ప్రభుత్వం స్థాపించిన సంస్థ. పరీక్షలు పెట్టి సర్టిఫికెట్లు ఇచ్చే అధికారం దానికి 1990లోనే దక్కింది. అక్కడి పదో తరగతి ఇతర బోర్డుల పదో తరగతికి సమానమే కనుక, మీ అమ్మాయి పాసైతే ఇంటర్‌కు అర్హురాలవుతుంది. అప్పటికీ ఆరోగ్యం కుదుటపడక ఇంటర్ స్థాయి చదువు కూడా అక్కడే కొనసాగించాల్సి వచ్చినా, కనీసం అయిదు సబ్జెక్టులతో పాసైనవారు ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష అయిన జేఈఈ మెయిన్ రాయవచ్చు.

లెక్కలు తీసేయమన్న సలహాను మాత్రం దయచేసి పాటించకండి. హోమ్ సైన్స్, పెయింటింగ్, డేటా ఎంట్రీ వంటి సబ్జెక్టులు ఎన్‌ఐఓఎస్‌లో ఉన్న మాట నిజమే, అవి పనికిరానివని కూడా నేను అనను. కానీ పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరాలంటే పదో తరగతిలో గణితం ఒక సబ్జెక్టుగా ఉండాలి. ఇవాళ కష్టమని వదిలేసిన లెక్కలు, రెండేళ్ల తర్వాత అమ్మాయి మనసు డిప్లొమా వైపు మళ్లితే అడ్డుగోడగా నిలబడతాయి. పైగా ఇక్కడ అయిదు సబ్జెక్టులూ ఒకేసారి రాయాలన్న నియమం లేదు. రిజిస్ట్రేషన్ అయిదేళ్లు చెల్లుతుంది, ఆ అయిదేళ్లలో తొమ్మిదిసార్లు పరీక్షకు కూర్చోవచ్చు, పరీక్షలు ఏటా ఏప్రిల్–మే నెలల్లో ఒకసారి, అక్టోబర్–నవంబర్ నెలల్లో ఒకసారి జరుగుతాయి. తయారైన సబ్జెక్టులు ముందు రాసి, లెక్కలను తర్వాతి విడతకు ఉంచుకుంటే ఆమె మీద భారం సగం తగ్గుతుంది.

ఇక మీ చదువు సంగతి. నిరుడు నా దగ్గరకు వచ్చిన ఒక తల్లి కూడా మీలాగే దర్జీ పని చేస్తారు, మీకన్నా తక్కువే చదువుకున్నారు. ఆమె రోజూ సాయంత్రం జాకెట్లకు హుక్కులు కుడుతూ, ఇంటి నుంచి చదువుకుంటున్న కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని, ఆ రోజు చదివింది చెప్పమనేవారు. ఒకరోజు ఆ అబ్బాయి ఆమ్లాలు, క్షారాల గురించి చెబుతుంటే, ‘పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా ఎందుకవుతుంది?’ అని అడిగారట. వాడు తడబడి, మళ్లీ పుస్తకం తెరిచి, పసుపు క్షారాన్ని పట్టిచ్చే సూచిక అని చదివి, గిన్నెలో పసుపు, సున్నం కలిపి చూశాడు. దాని మీద చింతపండు రసం పిండితే ఎరుపు పోయి మళ్లీ పసుపు రంగు తేలింది. సూచికల పాఠాన్ని ఆ అబ్బాయి ఇక మరిచిపోలేదని ఆమె చెప్పినప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది. మీరు పాఠం చెప్పనక్కరలేదు. మిషన్ ఆపి పదిహేను నిమిషాలు వినండి, అర్థం కాని చోట అర్థం కాలేదని చెప్పండి. మీకు అర్థమయ్యేలా చెప్పడానికి ఆమె ఆ పాఠాన్ని రెండోసారి చదువుతుంది.

తెర ముందు గడిపే సమయానికి ఒక హద్దు పెట్టండి. 2020లో కేంద్ర విద్యాశాఖ ఆన్‌లైన్ తరగతులపై ఇచ్చిన ప్రజ్ఞత మార్గదర్శకాల ప్రకారం 9 నుంచి 12 తరగతుల వారికి రోజుకు 30 నుంచి 45 నిమిషాల చొప్పున నాలుగు తరగతులు మించకూడదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకే అంత హద్దు ఉన్నప్పుడు, మీ అమ్మాయి ఒక్కో తరగతి తర్వాత లేచి నడవడమో, డాక్టరు చెప్పినట్లు పడుకోవడమో తప్పనిసరి చేయండి. తెలంగాణ ప్రభుత్వ విద్యా ఛానెల్ టీ-శాట్‌లోనూ యూట్యూబ్‌లోనూ తెలుగు పాఠాలు దొరుకుతాయి గానీ, వాటిలో చాలావరకు రాష్ట్ర సిలబస్ ప్రకారం నడుస్తాయి. కాబట్టి ముందు ఎన్‌ఐఓఎస్ పుస్తకంలో పాఠం చదివి, అర్థం కాని భాగానికే వీడియో చూడమనండి.

ఇంటి దగ్గర చదివే పిల్లల్లో చాలామంది వెనకబడేది పాఠాల్లో కాదు, తేదీల్లో. ప్రతి సబ్జెక్టుకూ ఇంటి దగ్గర రాసి ఇవ్వాల్సిన టీఎంఏ అనే అసైన్‌మెంట్ ఉంటుంది, దానికి 20 శాతం వెయిటేజీ ఉంది, గడువు దాటితే ఆ మార్కులు చేజారుతాయి. పరీక్ష ఫీజు గడువు, టీఎంఏ గడువు, ప్రాక్టికల్స్ తేదీ క్యాలెండర్ మీద ఎర్ర సిరాతో రాసి, కుట్టుమిషన్ ఎదురుగా గోడకు తగిలించండి. కొలతలు, బట్టలు ఇవ్వాల్సిన తేదీలు గుర్తుపెట్టుకునే మీకు ఇది అలవాటైన పనే.

అమ్మాయిని ఎన్‌ఐఓఎస్ స్టడీ సెంటర్‌లో టీచర్లు నేరుగా చెప్పే కాంటాక్ట్ తరగతులకు వీలైనన్నిసార్లు తీసుకెళ్లండి. అక్కడ సందేహాలు తీరడమే కాదు, తనలాగే ఇంటి నుంచి చదివే పిల్లలు కనిపిస్తారు. నెలల తరబడి ఒక్కతే చదివే పిల్లకు అది ఎంతో ధైర్యం.

ఒక్క విషయం వెంటనే చూడండి. పరీక్ష గదిలో గంటల తరబడి కూర్చోవడం ఆమెకు కష్టమవుతుంది. ఆపరేషన్ వివరాలు, ఎంతసేపు కూర్చోగలదన్నదీ రాసిన డాక్టరు సర్టిఫికెట్ ఇప్పుడే తీసుకుని, అదనపు సమయం, మధ్యలో లేచి నిలబడే అవకాశం వంటి సదుపాయాలు కోరుతూ స్టడీ సెంటర్ ద్వారా హైదరాబాద్‌లోని ఎన్‌ఐఓఎస్ ప్రాంతీయ కేంద్రానికి దరఖాస్తు పెట్టండి. దాని నకలు ఒకటి, అందినట్లు ఇచ్చే రసీదు మీ దగ్గర ఉంచుకుని, పరీక్ష రోజు హాల్ టికెట్‌తో పాటు వెంట తీసుకెళ్లండి.