‘దుప్పటి నుంచి’ సంచి కుట్టవచ్చా?

సందేహం: మా పొదుపు సంఘంలో పాత దుప్పట్లు, దిండు గలీబులతో చేతిసంచులు కుట్టడం నేర్పుతున్నాం. అందరికీ పంచడానికి ఒక కాగితం రాసి, ‘పాత దుప్పటి నుంచి సంచి కుట్టే విధానం’ అని పేరు పెట్టాను. మా అత్తగారు చదివి ‘దుప్పటితో’ అనాలన్నారు. ‘సూదితో కుట్టాను’ అంటాం కదా, ‘దుప్పటితో కుట్టాను’ అన్నా అలాగే అర్థమవుతుందేమో! పోనీ ‘దుప్పటిని సంచిగా కుట్టాను’ అంటే? – ఒక పాఠకురాలు

సమాధానం: మీ అత్తగారి మాటే సరి. ఒక వస్తువు దేనితో తయారైందో చెప్పడానికి తెలుగులో ‘తో’ వాడతాం. మట్టితో కుండ, వెదురుతో బుట్ట, బియ్యప్పిండితో అరిసెలు. ‘మట్టి నుంచి కుండ చేశాడు’ అని కుమ్మరివీధిలో ఎవరూ అనరు. ఈ ‘నుంచి’ ఇంగ్లీషు ‘ఫ్రమ్’ని మాటకు మాట దించడం వల్ల వచ్చింది.

అలాగని ‘నుంచి’ని పూర్తిగా తోసెయ్యనక్కర్లేదు. బడిలో వల్లె వేసిన విభక్తుల పట్టికలో అది లేకపోయినా, వాడుకలో దాని పని దానికుంది. ఒకదాంట్లో ఉన్నదాన్ని బయటికి తీసేటప్పుడు అదే కావాలి. నువ్వుల నుంచి నూనె తీస్తాం. మీ పనిలోనూ దానికి చోటుంది: ‘దుప్పటి నుంచి చిరుగు లేని ముక్క కత్తిరించండి’ అనవచ్చు. ‘దుప్పట్లోంచి’ అంటే ఇంకా హాయిగా ఉంటుంది. ముక్క చేతికొచ్చాక మాత్రం ‘ఆ ముక్కతో సంచి కుట్టండి’ అనాలి.

ఇక సూదితో తికమక గురించి. అక్కతో వెళ్లాను, కత్తితో కోశాను, మట్టితో చేశాను – ‘తో’ ఒకటే, పనులు మూడు. ముందున్న మాటను బట్టి అర్థం దానంతటదే తెలుస్తుంది. దుప్పటిని ఎవరూ సూది అనుకోరు. ఒకే వాక్యంలో ‘పాత దుప్పటితో నల్లదారంతో’ అని రెండు ‘తో’లు పక్కపక్కన పడితేనే ఇబ్బంది. అప్పుడు వాక్యం విడదీసి, ‘పాత దుప్పటితో సంచి కుట్టి, అంచులకు నల్లదారం వెయ్యండి’ అనండి. మిషన్ దగ్గర అసలు ‘తో’ అక్కర్లేదు, ‘మిషన్ మీద కుట్టాను’ అనడమే మన అలవాటు.

‘దుప్పటిని సంచిగా కుట్టాను’ తప్పు కాదు గానీ, దుప్పటి మొత్తం సంచి అయిపోయినట్టు వినిపిస్తుంది. గలీబుకైతే ఈ వాక్యం చక్కగా అతుకుతుంది. దానికి మూడు వైపులా కుట్టు ముందే ఉంటుంది. మూతి మడిచి కుట్టి, రెండు పట్టీలు తగిలించి, పట్టీ అతికిన చోట చదరంగా కుట్టి మధ్యలో ఇంటూ మార్కులా మరో రెండు వరసలు వేస్తే బరువుకు ఊడిరాదు. అక్కడ నిజంగానే గలీబును సంచిగా కుట్టినట్టు.

నన్నడిగితే వీటన్నిటికన్నా అందమైన పద్ధతి ఇంకొకటుంది. తెలుగుకు క్రియలను గొలుసుకట్టుగా పేర్చడం ఇష్టం. ‘పాత చీరలు చింపి బొంత కుట్టింది’, ‘వెన్న కాచి నెయ్యి తీసింది’ అంటాం. మీరూ ‘దుప్పటి ఉతికి, ఇస్త్రీ చేసి, రెండు సమాన ముక్కలు కత్తిరించి, మంచివైపులు లోపలికి వచ్చేలా పెట్టి మూడు వైపులా కుట్టి తిరగేయండి’ అని రాస్తే చదివేవాళ్ల చేతులు కూడా వెంటే కదులుతాయి.

పేరు మాత్రం ‘దుప్పటి సంచి’ అని కుదించకండి. గోనెసంచి గోనెతో చేసింది, బియ్యం సంచి బియ్యం పోసేది. దుప్పటి సంచి అంటే దుప్పట్లు దాచుకునేదనే అనుకుంటారు. ‘పాత దుప్పటితో చేతిసంచి’ అంటే చాలు.

బహువచనం మీరు ‘సంచులు’ అని సరిగ్గానే రాశారు. కత్తి–కత్తులు, పిల్లి–పిల్లులు లాంటిదే ఇదీ. దీర్ఘం తీసి ‘సంచీ’ అనేవాళ్లు ‘సంచీలు’ అంటారు, అదీ వాడుకే. కాగితం మొత్తంలో ఏదో ఒకటే ఉంచండి.