ప్రశ్న – జవాబు: నక్షత్ర నౌకకు నవ్వొచ్చే పేరు

ప్రశ్న: నా సైన్స్ ఫిక్షన్ సీరియల్‌లో నౌకలకి 'గోంగూర', 'పుల్లట్టు', 'బొబ్బట్టు' అని పేర్లు పెట్టాను. మొదటి భాగం చదివి అందరూ నవ్వారు. మూడో భాగానికి ఎవరూ నవ్వలేదు. ఎక్కడ తేడా కొట్టింది?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: గోంగూరకీ ఆ నౌక చేసే పనికీ సంబంధం లేదు. ఒకసారి వింతగా ఉంటుంది, తర్వాత ఉత్త పేరైపోతుంది. పేరు నౌక పనితో తగువు పడాలి. గ్రహశకలాలు తవ్వే నౌకకి 'కొండను తవ్వి' అని పెట్టి చూడండి. ఎలుక సంగతి పాఠకుడే పూరించుకుని, అది ఎప్పుడు దొరుకుతుందా అని వారం వారం ఎదురు చూస్తాడు. ముక్కూమొహం తెలియని గ్రహానికి తొలిసారి వెళ్లే దౌత్య నౌక 'పిలవని పేరంటం'. మెరుపుదాడి చేయాల్సిన యుద్ధనౌక 'నిదానమే ప్రధానం'. దెయ్యం రాకుండా గోడ మీద 'నాళె బా' అని రాసేవారని మీ ఊళ్లో చెప్పుకుంటారు కదా, మన వైపు 'ఓ స్త్రీ రేపు రా' లాగా. సరిహద్దు కాపలా నౌకకి 'రేపు రా' కంటే మంచి పేరు దొరకదు.

సామెతని సగంలోనే ఆపండి. మొత్తం రాస్తే పాఠకుడికి చేయడానికి పనేమీ మిగలదు.

తెలుగులో ఇంకో చిక్కుంది, చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. నౌక పేరుకి విభక్తులు తగులుతాయి. 'పిలవని పేరంటంలో ఇంధనం అయిపోయింది', 'పిలవని పేరంటానికి కబురు పంపండి' హాయిగా నడుస్తాయి. 'కొండను తవ్విలో మంటలు' అంటే నాలుక తిరగదు. అలాంటి పేరు పక్కన 'నౌక' చేర్చండి, లేదా సిబ్బంది నోట 'కొండ' అని కుదించండి. పేరు ఖాయం చేసే ముందు దాన్ని నాలుగు వాక్యాల్లో పెట్టి పైకి చదవండి: రేవులో దిగడానికి అనుమతి అడగడం, నష్టం నివేదించడం, కెప్టెన్ తిట్టడం, నౌక కూలిపోయిందన్న వార్త. నాలుగోది తప్పనిసరి. 'పిలవని పేరంటం నుంచి ఎవరూ తిరిగి రాలేదు' అన్నప్పుడు నవ్వు ఆగి గుండె కలుక్కుమనాలి. 'బొబ్బట్టు కూలిపోయింది' అంటే మీరెంత కష్టపడి రాసిన విషాదమైనా నీరుగారిపోతుంది.

ప్రశ్న: అసలు ఏ అంతరిక్ష సంస్థయినా ఇలాంటి పేర్లు ఒప్పుకుంటుందా? నా కథ నమ్మశక్యంగా ఉండాలి.
– ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై

జవాబు: ఒప్పుకున్న సందర్భాలున్నాయి, నొచ్చుకున్నవీ ఉన్నాయి. 1961లో అమెరికా వ్యోమగామి గస్ గ్రిసమ్ వెళ్లొచ్చిన 'లిబర్టీ బెల్ 7' నౌక సముద్రంలో దిగాక మునిగిపోయింది. 1965లో తన తర్వాతి నౌక జెమిని 3కి ఆయన 'మోలీ బ్రౌన్' అని పేరు పెట్టాడు. టైటానిక్ ఓడ మునిగినప్పుడు బతికి బయటపడి, 'మునగని మోలీ బ్రౌన్' అని అమెరికాలో పేరుపడ్డ మనిషి ఆవిడ. నాసా పెద్దలకి నచ్చక వేరే పేరు చెప్పమంటే 'టైటానిక్' అన్నాడు, దాంతో మొదటిదే ఖాయమైంది. ఆ తర్వాతి జెమినిలకి అధికారికంగా పేర్లే లేకుండా పోయాయి. మళ్లీ 1969లో అపోలో 9 దగ్గర పేర్లు అవసరమయ్యాయి. అందులోని రెండు నౌకలు విడిపోయి రేడియోలో మాట్లాడుకోవాలి, రెండింటినీ 'అపోలో 9' అని పిలవలేరు. ఆకారాన్ని బట్టి ఒకటి 'గమ్‌డ్రాప్' (ఒక రకం మిఠాయి), రెండోది 'స్పైడర్' అయ్యాయి. అపోలో 10కి బొమ్మల కథలోంచి 'చార్లీ బ్రౌన్', 'స్నూపీ' వచ్చాయి. చంద్రుడి మీద దిగే అపోలో 11కి గంభీరమైన పేర్లే ఎంచుకున్నారు.

మన దగ్గర హాస్యం ముద్దుపేరులో దూరుతుంది. ఇస్రో రాకెట్ ఒకటి కాగితాల మీద జీఎస్ఎల్వీ, మాటల్లో 'నాటీ బాయ్' (అల్లరి పిల్లాడు), ఎందుకంటే అది పెట్టిన ఇబ్బందులు అలాంటివి. మీ కథలో కూడా ప్రభుత్వం ఒక పేరు పెట్టనివ్వండి, సిబ్బంది ఇంకోటి పిలవనివ్వండి. మీ ఊరి స్టేషన్‌కి 2019లో 'పురట్చి తలైవర్ డాక్టర్ ఎం.జి. రామచంద్రన్ సెంట్రల్' అని పేరు మార్చారు. ఆటో ఎక్కేవాళ్లు ఇప్పటికీ 'సెంట్రల్' అనే అంటారు. 'మాననీయ మూడవ గ్రహమండలాధ్యక్షుల షష్టిపూర్తి స్మారక నౌక' అని రికార్డులో రాసి, నౌకలో అందరిచేతా 'షష్టిపూర్తి' అనిపించండి.

ప్రశ్న: పేరు ఎంత పొడవుండొచ్చు? నాకు నలభై నౌకలున్నాయి.
– ఒక పాఠకుడు, కె.ఆర్. పురం, బెంగళూరు

జవాబు: సముద్రం మీద ఆపద వస్తే రేడియోలో 'మేడే' మూడుసార్లు అని, ఆ వెంటనే నౌక పేరు మూడుసార్లు చెప్పాలి. మీ పేరుని మూడుసార్లు గబగబా అనండి. ఊపిరి ఆడకపోతే కత్తిరించండి, లేదా ఆ ఇబ్బందినే సన్నివేశంగా వాడుకోండి. అమెరికా కోస్ట్ గార్డ్ దగ్గర నమోదయ్యే నౌక పేరు 33 అక్షరాలు దాటకూడదు, సాయం కోరే పిలుపులా వినిపించకూడదు. ఈ రెండో నియమం కథకి బంగారం. 'కాపాడండి' అనే నౌక మామూలుగా పలకరించిన ప్రతిసారీ రక్షణ దళం పరుగెత్తుకొస్తుంది.

నలభైకీ నవ్వులు పెట్టకండి. పదింటిలో ఆరు సాదాగా, మూడు చిరునవ్వుగా, ఒక్కటి పగలబడి నవ్వేలా ఉంటే చాలు. ఒకే సన్నివేశంలో తిరిగే నౌకల పేర్లు ఒకే అక్షరంతో మొదలుకాకూడదు, పాఠకుడు తికమకపడతాడు.

ప్రశ్న: శత్రు నౌకలకీ తమాషా పేర్లు పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, అన్నానగర్, చెన్నై

జవాబు: పెట్టండి, కానీ వాళ్ల దృష్టిలో అవి తమాషా కాకూడదు. ఆ జాతి ప్రాణం పెట్టే విలువ ఒకటి ఎంచుకుని, పేర్లన్నీ అందులోంచే తీయండి. అతిథి మర్యాద అనుకుందాం. మన నౌకలోకి చొరబడే దళం 'చెప్పులు బయట విప్పండి'. క్షిపణులు మోసేది 'ఇంకొంచెం వడ్డించండి'. ఖైదీల నౌక 'భోంచేసి వెళ్లండి'. వాళ్ల సేనాని ఈ పేర్లని నవ్వకుండా, నిండు గౌరవంతో పలకాలి. అప్పుడే పాఠకుడికి నవ్వూ భయమూ కలిసి వస్తాయి.