ఆస్ట్రియాలో వృత్తివిద్య శాతం జర్మనీ కంటే ఎందుకు ఎక్కువ?

ఉన్నత మాధ్యమిక దశలో వృత్తివిద్య చదివేవారు ఆస్ట్రియాలో మూడింట రెండు వంతులకు పైగా ఉంటే, అప్రెంటిస్‌షిప్‌కు పేరుపడ్డ జర్మనీలో సుమారు సగమే ఎందుకు ఉన్నారని, జర్మన్లకు చేతిపని మీద మోజు తగ్గిందా అని మీరు అడిగారు. మేము ఆస్ట్రియాలో ఉంటున్నాము, మా అబ్బాయి ఇక్కడి వృత్తివిద్య పాఠశాలలోనే చదివాడు. ఆ తేడాలో పెద్ద భాగం పిల్లల ఇష్టాయిష్టాలది కాదని, ఎవరిని ఏ మెట్టులో లెక్కించారన్నదేనని నా అభిప్రాయం.

ఇక్కడ 14 ఏళ్ళకే దారులు చీలిపోతాయి. విశ్వవిద్యాలయ చదువుకు సిద్ధం చేసే సాధారణ విద్య పాఠశాల అయిన జిమ్నాజియంలో కొనసాగవచ్చు, హెచ్‌టీఎల్ అనే ఐదేళ్ళ సాంకేతిక పాఠశాలలో చేరవచ్చు, లేదా తొమ్మిదో ఏడు కూడా చదివి 15 ఏళ్ళకు అప్రెంటిస్‌గా కుదురుకోవచ్చు. మావాడు హెచ్‌టీఎల్‌లో మెకానికల్ తీసుకున్నాడు. మొదటి ఏడాది వర్క్‌షాపులో ఇనుప దిమ్మెను ఆకురాయితో రాయడం, మూలమట్టం ఆనించి అంచు చూసుకోవడం, వెలుతురు కనబడితే మళ్ళీ రాయడం. మిగతా వేళల్లో లెక్కలు, జర్మన్, ఇంగ్లీషు. చివర్లో రాసే మాటురా పరీక్షతో నేరుగా విశ్వవిద్యాలయానికి వెళ్ళవచ్చు. వృత్తివిద్య అనగానే ఊళ్ళో మా అన్నయ్య ముఖం చిన్నబోయింది గానీ, పాలిటెక్నిక్‌కు ఇంటర్ కూడా కలిసినట్టని చెప్పాక కుదుటపడ్డాడు.

ఇలాంటి పాఠశాలలు ఉండబట్టే చదువులో ముందుండే పిల్లలు సైతం ఆస్ట్రియాలో వృత్తివిద్య లెక్కలోకి వస్తారు. అయితే యునెస్కో వర్గీకరణ అయిన ఐసెడ్ 2011 ప్రకారం హెచ్‌టీఎల్ మొదటి మూడేళ్ళే మూడో మెట్టు, అంటే ఉన్నత మాధ్యమిక దశ. నాలుగు, ఐదు సంవత్సరాలు ఏకంగా ఐదో మెట్టు, అంటే ఉన్నత విద్య. అదే బల్లల మీద కూర్చున్న పిల్లలు కాగితం మీద కాలేజీ విద్యార్థులవుతారు. కాబట్టి మీరు చూసిన ఆస్ట్రియా శాతం నిజానికి కాస్త తక్కువే చూపుతోంది.

జర్మనీ కథ వేరు. అక్కడ అప్రెంటిస్‌షిప్ మొదలుపెట్టేవారి సగటు వయసు 20కి దగ్గరగా ఉంటుంది. బ్యాంకులో, బీమా సంస్థలో శిక్షణకు చేరేవారిలో చాలామంది ముందు అబిటూర్, అంటే జిమ్నాజియం చివరి పరీక్ష, పాసైనవారే. వారు జిమ్నాజియంలో ఉన్నప్పుడు మూడో మెట్టులో సాధారణ విద్యార్థులు. ఆ తరువాత శిక్షణలో చేరినప్పుడు నాలుగో మెట్టుకు, అంటే ఉన్నత మాధ్యమిక దశకూ ఉన్నత విద్యకూ మధ్య మెట్టుకు, పోతారు. మూడో మెట్టు పట్టికలో వృత్తివిద్య వైపు వారు ఎన్నడూ కనబడరు. పైగా జర్మనీలో వృత్తివిద్య అంటే ప్రధానంగా వారంలో మూడు నాలుగు రోజులు కంపెనీలో, మిగతా రోజులు బడిలో గడిపే శిక్షణ. చెక్ దేశంలో ఈ శాతం ఆస్ట్రియా స్థాయిలోనే ఉన్నా, అక్కడ చదువు ప్రధానంగా బడిలోనే సాగుతుంది.

అందుచేత మెట్టును బట్టి కాక వయసును బట్టి పోల్చండి. 15 నుంచి 19 ఏళ్ళవారిని తీసుకుని, మూడు, నాలుగు, ఐదు మెట్లలోని వృత్తివిద్యార్థులను కలిపి, కంపెనీలో శిక్షణ పొందేవారిని వేరే వరుసలో చూపండి. ఆ పట్టికకు తెలుగు రాష్ట్రాలను కూడా చేర్చదలిస్తే ఇంటర్ ఒకేషనల్ ఒక్కటే చాలదు. పదో తరగతి తరువాత ఐటీఐకి, పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌కు వెళ్ళేవారి లెక్కలు ఇంటర్ బోర్డు దగ్గర ఉండవు. వాటిని ఆయా శాఖల నుంచి విడిగా తెచ్చుకోవాలి.