కుంచె నుంచి టోకెన్‌కు: చిత్రకారుల సందేహాలు, సమాధానాలు

తమ బొమ్మలను ఎన్‌ఎఫ్‌టీలుగా (బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి డిజిటల్ చిట్టాలో ఫలానా బొమ్మకు గుర్తుగా నమోదయ్యే టోకెన్లుగా) అమ్మాలనుకునే చిత్రకారుల నుంచి, వారి పిల్లల నుంచి వచ్చిన ఉత్తరాలకు ఈ నెల జవాబులు.

ప్రశ్న: మాది చేర్యాల పటాలు గీసే నకాషీ కుటుంబం. ఇంట్లో మూడడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవున్న పాత కథా పటం ఉంది. దాన్ని ఎన్‌ఎఫ్‌టీ చేద్దామని మా అబ్బాయి అంటున్నాడు. సెల్‌ఫోన్‌తో తీసిన ఫోటోలు సరిపోతాయా?
— చేర్యాల, సిద్దిపేట జిల్లా

సరిపోవండి. ఫోన్ కెమెరా తనంతట తానే రంగులు దిద్దుతుంది. ఎరుపును ఇంకా ఎరుపు చేస్తుంది. చేర్యాల పటానికి నేపథ్యమే ఎరుపు కాబట్టి మొదట దెబ్బతినేది అదే. సన్న గీతలు ఆ ఎరుపులో కలిసిపోయి ముద్దగా కనిపిస్తాయి.

24 మెగాపిక్సెల్ కెమెరా, 50 మిల్లీమీటర్ల లెన్సు, గట్టి ట్రైపాడ్, ఒకే రకం ఎల్‌ఈడీ లైట్లు రెండు కావాలి. చీరల షోరూములకు ఫోటోలు తీసే స్టూడియోల్లో ఇవన్నీ ఉంటాయి. కెమెరాను కదపకండి, పటాన్నే జరపండి. బల్లకు రెండు వైపులా రెండు గొట్టాలు పెట్టి, ఒకదాని నుంచి విప్పుతూ రెండోదానికి చుట్టాలి. గొట్టం వ్యాసం కనీసం ఆరంగుళాలు ఉండాలి, రంగు వేసిన వైపు బయటికి ఉండాలి. సన్న కర్రకు బిగించి చుడితే చింతగింజల అంబలి, సుద్ద పట్టించిన పూత పెళుసుబారి పగులుతుంది. ముడతలు పోవాలని ఇస్త్రీ పెట్టొద్దు, తడి బట్ట తగలనివ్వొద్దు.

లైట్లను రెండు పక్కలా 45 డిగ్రీల కోణంలో, సమాన దూరంలో ఉంచండి. వెలుగు సమానంగా పడుతోందో లేదో చూడటానికి బల్ల మధ్యలో ఒక పెన్సిల్ నిలబెట్టండి. రెండు నీడలూ ఒకే నలుపులో ఉంటే సరే. ఒకటి ముదురుగా ఉంటే ఒక లైటు దగ్గరికి వచ్చిందన్నమాట. కెమెరా సెట్టింగులు ఇవి: ఐఎస్ఓ 100, ఎఫ్ 8, రా ఫైలు, ఎక్స్‌పోజర్ మాన్యువల్. మొదటి ఫోటోలో బూడిదరంగు కార్డు, రంగుల చార్టు పెట్టి తీయండి. తర్వాత రంగులు సరిచూసుకోవడానికి అదొక్కటే ఆధారం.

మూడడుగుల వెడల్పు ఫ్రేము పొడుగు వైపంతా నిండితే అంగుళానికి సుమారు 166 పిక్సెళ్లు వస్తాయి. అప్పుడు ఒక్కో ఫోటోలో పటం పొడవు 24 అంగుళాలు పడుతుంది. పక్క ఫోటోతో మూడో వంతు దాకా కలవాలి కాబట్టి ప్రతిసారీ 16, 17 అంగుళాలే జరపండి. మొత్తం 28 నుంచి 30 ఫోటోలు అవుతాయి. వాటిని ఉచితంగా దొరికే హ్యూగిన్ అనే సాఫ్ట్‌వేర్‌లో గానీ ఫోటోషాప్‌లో గానీ అతికించవచ్చు. అతుకుల దగ్గర గీతలు కలవకపోతే తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, ఆ చోట బట్ట వదులై కుంగింది. ఆ ఒక్క భాగం మళ్లీ తీయాలి.

అంతా అతికించాక బొమ్మ దాదాపు 80,000 పిక్సెళ్ల పొడవు ఉంటుంది. జేపెగ్ ఫైలు 65,535 పిక్సెళ్లు దాటి భద్రపరచలేదు. అందుకని అసలు ప్రతిని 16 బిట్ టిఫ్‌గా ఉంచండి. అది సుమారు 3 జీబీ అవుతుంది. రెండు హార్డ్ డిస్కుల్లో, రెండు వేర్వేరు ఇళ్లలో దాచండి. టోకెన్‌గా పెట్టాల్సింది మొత్తం పటాన్ని కాదు, ఒక్కో గడిని. కథలో ఆ గడి ఎన్నోదో, అందులో ఏ ఘట్టం ఉందో వివరణలో రాయండి. పరదేశంలో కొనే మనిషికి ఆ బొమ్మ విలువ తెలిసేది ఆ వివరణ వల్లే.

వీటన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. పటం గీసింది ఎవరు? మన చట్టంలో కాపీరైట్ చిత్రకారుడి జీవితకాలంతో పాటు ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. తాతగారు పోయి 60 ఏళ్లు కాకపోతే హక్కు వారసులందరిదీ. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కాగితం మీద సంతకాలు పెట్టాకే పని మొదలుపెట్టండి. ఇంకో మాట, చేర్యాలకు వచ్చిన జీఐ (భౌగోళిక) గుర్తింపు చేతితో గీసిన పటానికి. కంప్యూటర్ ఫైలును ‘అసలైన చేర్యాల పటం’ అని అమ్మకండి. ‘చేర్యాల పటానికి డిజిటల్ ప్రతి’ అనండి.

ప్రశ్న: కలంకారీ బట్టను ఫోటో తీస్తే స్క్రీన్ మీద అలల్లాంటి రంగు చారలు వస్తున్నాయి. కెమెరా పాడైందా?
— శ్రీకాళహస్తి

పాడవలేదు. దాన్ని మోయిరే అంటారు. నేత పోగుల వరసలు, కెమెరా సెన్సారు గడుల వరసలు ఒకదాని మీద ఒకటి పడి లేని చారలను పుట్టిస్తాయి. కెమెరాను నాలుగైదు అంగుళాలు వెనక్కి జరిపి లేదా రెండు మూడు డిగ్రీలు తిప్పి మళ్లీ తీయండి. ఎఫ్ 11కి మార్చినా కొంత తగ్గుతుంది. ఫోటోను చిన్నది చేసి చూసినప్పుడే చారలు వస్తే అవి ఫైలులో లేవు. నూరు శాతం సైజులో చూసి నిర్ధారించుకోండి. కలంకారీలో గీతలకు వాడే కసిమి నలుపుతో మాత్రం జాగ్రత్త. ఎక్స్‌పోజర్ తక్కువైతే కలం వేసిన గీతలో చిక్కదనం, పలచదనం తేడా పోయి అచ్చు వేసినట్టు కనిపిస్తుంది. చేతి పని అని చూపించే గుర్తు ఆ తేడాయే.

ప్రశ్న: నేను తైలవర్ణ చిత్రకారుణ్ని. టోకెన్ అమ్మాక అసలు కాన్వాసును ఏం చేయాలి? తగలబెడితేనే విలువ పెరుగుతుందని ఒకరు చెప్పారు. పెద్ద మనుషులు చేయించుకున్న పోర్ట్రెయిట్లు కూడా పెట్టవచ్చా?
— విజయవాడ

తగలబెట్టకండి. ఆ మాట వినగానే గుర్తొచ్చేది బ్రిటిష్ చిత్రకారుడు డేమియన్ హర్స్ట్ 2021 జులైలో మొదలుపెట్టిన ‘ది కరెన్సీ’. చేతితో వేసిన 10,000 చుక్కల చిత్రాలకు టోకెన్లు చేసి ఒక్కోటి 2,000 డాలర్ల ధరకు పెట్టారు. కొన్నవాళ్లు ఏడాదిలోగా కాగితం చిత్రమో, టోకెనో ఒక్కటే ఎంచుకోవాలి. 5,149 చిత్రాలకు కాగితాన్నే కోరుకున్నారు, 4,851 టోకెన్లు నిలిచాయి. వాటి కాగితాలను 2022 అక్టోబరు నుంచి కాల్చారు. అంతటి పేరున్న మనిషి విషయంలోనే సగానికి పైగా చేతి చిత్రాన్ని అడిగారు. మీ కాన్వాసు మీ పేరు నిలబెట్టే వస్తువు.

చేయాల్సింది ముందే రాసుకోవడం. టోకెన్‌తో పాటు కాన్వాసూ వెళ్తుందా, లేదా? వెళ్తే ప్యాకింగు, బీమా, రవాణా ఎవరివి? వెళ్లకపోతే దాన్ని వేరొకరికి అమ్ముకునే స్వేచ్ఛ మీకుందా? ఈ మూడూ వివరణలో ఉండాలి. టోకెన్ కొన్నంత మాత్రాన కాపీరైట్ కొన్నట్టు కాదు. రాతపూర్వకంగా బదిలీ చేస్తేనే అది మారుతుంది. క్యాలెండర్లు, టీషర్టుల మీద అచ్చు వేసుకునే హక్కు ఇస్తున్నారా లేదా అన్నదీ రాయండి.

పోర్ట్రెయిట్ల సంగతి వేరు. డబ్బిచ్చి ఒకరు వేయించుకున్న చిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం మొదటి హక్కుదారు వేయించుకున్నవారే. మీరు గీసినా వారి అనుమతి లేకుండా పెట్టకూడదు. ఇకముందు తీసుకునే ఆర్డర్లలో ‘డిజిటల్ హక్కులు చిత్రకారుడివి’ అని ఒక వాక్యం చేర్చండి.

తైలవర్ణాల ఫోటోకు ఒక సూచన. వార్నిష్ మెరుపు పోవాలంటే లైట్ల ముందు పోలరైజింగ్ ఫిల్ము, లెన్సుకు పోలరైజర్ ఫిల్టర్ పెట్టి, మెరుపు మాయమయ్యే దాకా ఫిల్టర్ తిప్పండి. అయితే దాంతో కత్తితో వేసిన మందపాటి రంగు ఎత్తుపల్లాలు కూడా చదునుగా కనిపిస్తాయి. అందుకని ఒకటి పోలరైజర్‌తో, ఒకటి లేకుండా తీసి రెండూ కలపండి.

ప్రశ్న: ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకాయన నా ఆరు చిత్రాలు ఒక్కోటి 3 ఈథర్‌కు (ఇథీరియం బ్లాక్‌చెయిన్ మీద నడిచే క్రిప్టో సొమ్ము) కొంటానన్నాడు. తనకు నచ్చిన సైటు లింకు పంపాడు. అక్కడ మింట్ (టోకెన్‌గా నమోదు) చేయాలంటే ముందు 0.15 ఈథర్ కట్టమంటోంది. కట్టవచ్చా?
— వరంగల్

కట్టకండి. ఇది మోసం, చిత్రకారుల మీదే పన్నుతున్న మోసం. ఆ సైటూ వాడిదే. మీరు కట్టగానే ఆరు చిత్రాలూ అమ్ముడైనట్టు, 18 ఈథర్ జమైనట్టు చూపిస్తుంది. తీసుకోబోతే ‘ట్యాక్స్’, ‘వెరిఫికేషన్’ అంటూ ఇంకా అడుగుతుంది.

లెక్క చూడండి. ఇథీరియంలో ఒక టోకెన్ మింట్ చేయడానికి సుమారు 1,50,000 యూనిట్ల గ్యాస్ (నెట్‌వర్కు ఫీజుకు కొలత) పడుతుందనుకుందాం. యూనిట్ ధర 20 గ్వై (గ్వై అంటే ఈథర్‌లో వంద కోట్లో వంతు) అయినా మొత్తం 0.003 ఈథర్. వాడు అడిగింది దానికి 50 రెట్లు. పైగా నిజమైన గ్యాస్‌ను ఎవరి ఖాతాకూ పంపక్కర్లేదు. వాలెట్‌లో (క్రిప్టో సొమ్ము, టోకెన్లు ఉంచుకునే యాప్) మీరు ‘కన్ఫర్మ్’ నొక్కినప్పుడు నెట్‌వర్కే కోసుకుంటుంది.

ఇప్పటికే ఆ సైటుకు వాలెట్ కలిపి ఉంటే, ఇథీరియం లావాదేవీలు చూపే ఇథర్‌స్కాన్ సైటులో టోకెన్ అనుమతుల పేజీ తెరిచి, మీరిచ్చిన అనుమతులు రద్దు చేయండి. వాలెట్‌కు తాళంలాంటి 12 పదాల రహస్య వాక్యం చెప్పేసి ఉంటే రద్దు చేసినా లాభం లేదు. కొత్త వాలెట్ తెరిచి, ఉన్నవన్నీ వెంటనే దానిలోకి మార్చండి. డబ్బు పోయి ఉంటే గంటలు లెక్క. సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయండి. ఆ 12 పదాలను కాగితం మీద రాసి బీరువాలో పెట్టాలి. ఫోటో తీయొద్దు, వాట్సాప్‌లో సొంత నంబరుకు కూడా పంపుకోవద్దు.

ప్రశ్న: నెల్లూరులో ఉన్న మా నాన్నగారు జలవర్ణాలు వేస్తారు. ఆయన చిత్రాలను ఇక్కణ్నుంచి నా వాలెట్‌తో పెట్టాలనుకుంటున్నాను. ఏ బ్లాక్‌చెయిన్ మంచిది? టోకెన్లు అమ్మే వేదిక (సైటు) మూతపడితే చిత్రాలు ఏమవుతాయి?
— డాలస్, అమెరికా

వాలెట్ నాన్నగారిదే తెరవండమ్మా. ఏ వాలెట్ నుంచి మింట్ అయిందో అదే చిత్రకారుడి సంతకం, తర్వాత మార్చలేరు. మీ వాలెట్‌లో మింట్ చేస్తే రికార్డులో చిత్రకారిణి మీరే అవుతారు, వచ్చిన డబ్బు అక్కడ మీ ఆదాయంగా లెక్కకొస్తుంది. మీరు కంప్యూటర్ పని చేసి పెట్టండి, తాళం, అంటే రహస్య పదాలు, మాత్రం ఆయన దగ్గర ఉండనివ్వండి.

మొదటి పది చిత్రాలకు టెజోస్ లాంటి ఖర్చు తక్కువ నెట్‌వర్క్ చాలు. అక్కడ మింట్ చేయడానికి అయ్యేది పైసల్లో, రూపాయల్లో ఉంటుంది, చిన్న ధరలకు కొనేవాళ్లూ ఉన్నారు. ఇథీరియం మీద పెద్ద ధరలు పలికినా రద్దీ వేళ ఫీజు కూడా అంతే పెరుగుతుంది. విద్యుత్ గురించిన భయం పాతది. 2022 సెప్టెంబరు 15న పద్ధతి మార్చుకున్నాక ఇథీరియం విద్యుత్ వాడకం 99 శాతానికి పైగా తగ్గింది.

మూతపడటం గురించి మీరడిగింది అసలు ప్రశ్న. బ్లాక్‌చెయిన్ మీద సాధారణంగా బొమ్మ ఉండదు, బొమ్మ ఎక్కడుందో చెప్పే చిరునామా ఉంటుంది. ఆ చిరునామా ఒక కంపెనీ సర్వరుది అయితే కంపెనీతోపాటే బొమ్మా పోతుంది. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజీ దివాలా తీశాక దాని వేదిక మీద తయారైన టోకెన్లకు అదే జరిగింది. బొమ్మ ఉండాల్సిన చోట దివాలా వ్యవహారాల పేజీ తెరుచుకుంది. దీనికి ఎదురు ఉదాహరణ టెజోస్ మీద నడిచిన హిక్ ఎట్ నంక్ అనే వేదిక. దాన్ని పెట్టినాయన 2021 నవంబరులో ఉన్నట్టుండి మూసేశారు. అయినా ఫైళ్లు ఐపీఎఫ్ఎస్‌లో (ఫైళ్లను ఒకే సర్వరులో కాక పలు కంప్యూటర్లలో ఉంచే వ్యవస్థ) ఉన్నందువల్ల చిత్రకారులే కలిసి టెయా పేరుతో అదే సరుకును మళ్లీ తెరిచారు.

కాబట్టి మింట్ చేసే ముందు ఫైలు ఐపీఎఫ్ఎస్‌కో, అలాంటిదే అయిన ఆర్‌వీవ్‌కో వెళ్తోందని చూసుకోండి. ఐపీఎఫ్ఎస్ కూడా దానంతటది శాశ్వతం కాదు. ఎవరో ఒకరు ఆ ఫైలును ‘పిన్’ చేసి, అంటే తొలగిపోకుండా నిలిపి, ఉంచాలి. పినాటా లాంటి సేవలో సొంతంగా ఒక ప్రతి పిన్ చేయండి. అసలు ఫైలును ఒక్క బైటు తేడా లేకుండా దాచండి. మళ్లీ ఎగుమతి చేస్తే కంటికి అదే బొమ్మ కనిపించినా ఐపీఎఫ్ఎస్ గుర్తింపు సంఖ్య మారిపోతుంది, టోకెన్‌కు అతకదు.

రాయల్టీ (టోకెన్ మళ్లీ అమ్ముడైనప్పుడు చిత్రకారుడికి వచ్చే వాటా) మీద ఇల్లు కట్టకండి. కాంట్రాక్టులో పది శాతం అని రాసినా చాలావరకు అది సమాచారమే, వసూలు చేయడం వేదిక ఇష్టం. ఓపెన్‌సీ అనే పెద్ద వేదిక 2023 ఆగస్టు చివరితో కొత్త టోకెన్లకు రాయల్టీ నిర్బంధాన్ని ఎత్తేసింది. మొదటి అమ్మకం ధరే మీ సంపాదన అనుకుని ధర పెట్టండి.

ప్రశ్న: ఎన్‌ఎఫ్‌టీ అమ్మితే పన్నెంత?
— హైదరాబాదు

2022 ఏప్రిల్ 1 నుంచి డిజిటల్ ఆస్తుల అమ్మకపు లాభం మీద 30 శాతం, సెస్సుతో 31.2 శాతం. లక్ష రూపాయల లాభానికి 31,200. కొన్న ధర తప్ప గ్యాస్ ఫీజు, కెమెరా, రంగుల ఖర్చు తీసివేయనివ్వరు. ఒకదాని నష్టం ఇంకోదానితో సర్దుకోనివ్వరు. పరిమితి దాటితే కొనేవారు ఒక శాతం టీడీఎస్ కోయాలి. సొంతంగా గీసినవారి మొదటి అమ్మకం ఈ కోవలోకి వస్తుందా, వృత్తి ఆదాయమా అన్న దానిపై అకౌంటెంట్లలో రెండు అభిప్రాయాలున్నాయి. ముందే ఒకరితో మాట్లాడి, ఆ సలహా రాతలో తీసుకోండి.

చాలామందికి తెలియనిది ఇంకోటి. టోకెన్ బదిలీతో పాటు చట్టబద్ధంగా అసలు కాన్వాసు యాజమాన్యం కూడా మారితే, 2022 జూన్ 30 నోటిఫికేషన్ ప్రకారం అది ఈ డిజిటల్ ఆస్తుల కిందికి రాదు. అందుకు రుజువుగా అమ్మకపు పత్రం, కొరియర్ రసీదు దాచుకోండి.

ఈథర్ వచ్చిన రోజు దాని రూపాయి విలువ నోటుపుస్తకంలో రాయండి. ఆరు నెలల తర్వాత దాన్ని అమ్మినప్పుడు పెరిగిన మేరకు మళ్లీ పన్ను పడుతుంది. ఆ లెక్కకు మొదలు ఆ రాసుకున్న విలువే.

ప్రశ్న: బొమ్మ కదిలితేనే అమ్ముడవుతుందా?
— కరీంనగర్

అక్కర్లేదు. కదిలే బొమ్మలు బాగా అమ్ముడైన రోజులున్న మాట నిజమే. ఎడిన్‌బరోలోని తైలవర్ణ చిత్రకారుడు ట్రెవర్ జోన్స్ ‘బిట్‌కాయిన్ ఏంజెల్’ను కదిలే బొమ్మగా 2021 ఫిబ్రవరిలో 777 డాలర్ల చొప్పున 4,157 ప్రతులు అమ్మారు. ఆ రోజుల గిరాకీ ఇప్పుడు లేదు. కదిలించాలనిపిస్తే కృతా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో బొమ్మను మూడు పొరలుగా విడదీయండి: వెనక దృశ్యం, మనుషులు, ముందున్న కొమ్మా రెమ్మా. మనిషిని తీసిన చోట ఖాళీ మిగులుతుంది. దాన్ని క్లోన్ పరికరంతో కప్పకుండా, అదే కాగితం మీద అవే రంగులతో విడిగా వేసి స్కాన్ చేసి పెట్టండి, కుంచె గుర్తు కలుస్తుంది. సెకనుకు 12 ఫ్రేములు, ఆరు నుంచి పది సెకన్లు చాలు. చివరి ఫ్రేము మొదటిదానితో కలవకపోతే ప్రతి చుట్టుకూ బొమ్మ ఉలిక్కిపడుతుంది.