సాలిడ్, ఇంజినీర్డ్, లామినేట్: మూడింటి మీదా నడిచాక చెబుతున్న మాట

హాలుకీ బెడ్‌రూమ్‌కీ వుడ్ ఫ్లోరింగ్ వేయించాలని ఉందని, సాలిడ్ వుడ్, ఇంజినీర్డ్ వుడ్, లామినేట్‌లలో ఏది తీసుకోవాలో తేలడం లేదని అడిగారు. రెండు ఇళ్లలో కలిపి ఈ మూడూ వాడాను. షాపుకి వెళ్తే ముందు కళ్లు రంగు మీదకే పోతాయి. మీరు మాత్రం రంగు పక్కన పెట్టి ఒకటే అడగండి: దీని మీద నీళ్లు నిలిస్తే, గీత పడితే, తర్వాత బాగుచేసుకునే దారి ఉందా?

మొదటి ఇంట్లో హాలంతా లామినేట్ వేయించాం. పేరు వుడ్ ఫ్లోరింగే గానీ పైన కనిపించేది చెక్క కాదు, చెక్క డిజైన్ అచ్చు వేసిన కాగితం. దాని మీద గట్టి మెలమైన్ పొర, కింద చెక్క నారను నొక్కి చేసిన హెచ్‌డీఎఫ్ పలక. గీతలకి ఇది బాగా ఆగుతుంది. పిల్లలు కుర్చీలు ఈడ్చినా ఏళ్ల తరబడి మచ్చ పడలేదు. కానీ ఒకసారి ఊరెళ్లి నాలుగు రోజులకి తిరిగొస్తే, ఫ్రిజ్ కింద కారిన నీళ్లు అతుకుల్లోకి దిగిపోయి ఉన్నాయి. తుడిచాం, ఫ్యాన్ పెట్టాం. తడి ఆరింది గానీ పలకల అంచులు సన్నటి గట్టులా లేచి అలాగే ఉండిపోయాయి. ఉత్త కాళ్లతో నడిస్తే ప్రతి అతుకూ పాదానికి తగిలేది. సాండింగ్ (గరుకు కాగితంతో పైభాగం అరగదీయడం) చేయిద్దామంటే పైనున్నది కాగితం, రుద్దితే డిజైనే పోతుంది. చివరికి గోడ పక్క నుంచి వరసలు ఊడదీసుకుంటూ వచ్చి ఆరు పలకలు మార్చాం. మిగిలిన పలకలు అటక మీద దాచి ఉంచాం కాబట్టి సరిపోయింది. మీరూ ఒక పెట్టె ఎక్కువ కొని దాచుకోండి, కొన్నేళ్లకి అదే డిజైన్ దొరకడం కష్టం. పెట్టె మీద ఉండే ఏసీ3, ఏసీ4 అన్నవి ముఖ్యంగా అరుగుదలకి ఎంత ఆగుతుందో చెప్పే గ్రేడ్‌లు. మామూలు ఇంటికి ఏసీ3 చాలు. అంకె పెద్దది కదా అని నీళ్ల విషయంలో ధైర్యపడకండి.

రెండో ఇంట్లో అమ్మానాన్నల గదికి టేకు పలకలు వేయించాం, 18 మి.మీ. మందం. సాలిడ్ వుడ్ అంటే ఇదే, పైనుంచి కిందదాకా ఒకటే చెక్క, కాబట్టి గీతలు పడ్డా, పాతబడ్డా పలుమార్లు సాండింగ్ చేసి పాలిష్ పెట్టించుకోవచ్చు. కాకపోతే చెక్క గాలిలో తేమని బట్టి కదులుతూనే ఉంటుంది. వానలప్పుడు పలకలు బిగుసుకుంటాయి, పొడి రోజుల్లో మధ్యలో గోరు దూరేంత సందు కనిపిస్తుంది. మొదటి ఏడాది ఆ సందులు చూసి చాలా టెన్షన్ పడ్డాం. చెక్క పొడవులో కన్నా వెడల్పులోనే ఎక్కువ ఉబ్బుతుంది, అందుకే వెడల్పు పలకలైతే సందులు ఇంకా పెద్దగా కనిపిస్తాయి.

మా బెడ్‌రూమ్‌లో ఉన్నది ఇంజినీర్డ్. పైన అసలైన ఓక్ పొర, కింద ఒకదానికొకటి అడ్డంగా అతికించిన ప్లైవుడ్ పొరలు. అందుకే కదలిక చాలా తక్కువ. ఇక్కడ మోసపోయే చోటు పై పొర మందం. 1 మి.మీ. కూడా లేనివి ఉన్నాయి, 6 మి.మీ. ఉన్నవీ ఉన్నాయి, పైనుంచి చూస్తే తేడా తెలియదు. పలకని తిప్పి అంచు చూడండి. మాది 3 మి.మీ. కిటికీ పక్కన వాన జల్లు పడి నల్లటి మచ్చ కడితే సాండింగ్ చేయించాం, మచ్చ ఆనవాలు కూడా లేకుండా పోయింది. పొర పల్చగా ఉంటే ఆ పని కుదిరేది కాదు.

మీరు చెప్పిన రెండు గదులకీ నేనైతే 3 మి.మీ. పై పొర ఉన్న ఇంజినీర్డే వేయిస్తాను. మీరు కొన్నేళ్లే ఉండబోయే ఇల్లయితే లామినేట్ చాలు. బాత్రూమ్‌కి మాత్రం మూడింట్లో ఏదీ వద్దు.

ఏది కొన్నా, పలకల్ని కనీసం 48 గంటలు ఆ గదిలోనే ఉంచాకే వేయించండి. పలకలు ఉబ్బినా చోటుండేలా గోడ పొడవునా దాదాపు 10 మి.మీ. ఖాళీ వదలమనండి, స్కర్టింగ్ కింద అది కనిపించదు. కింద కాంక్రీటు అయితే ఒక పాలిథీన్ ముక్క పరిచి, నాలుగు అంచులా టేపు వేసి ఒక రోజు వదిలేయండి. తీసి చూసినప్పుడు లోపల చెమ్మ కనిపిస్తే, నేల ఆరేదాకా పని మొదలుపెట్టనివ్వకండి.